తోక తెగిన అడ్రసు

పరాంకుశం గారిని ఏదడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. కాకినాడలో ఆన్‌లైన్ కబడ్డీ ఆట నడిపే ఆ చిన్న కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ముందు ఒళ్లు మండేది పైఅధికారి గారి ఈ అలవాటుకే. ఆ మధ్యాహ్నం, సర్వర్ పని చూసే కొత్తమ్మాయి వైజయంతికి మండేంత తీరిక కూడా లేదు. సాయంత్రం ఫైనల్. మోసం చేసి ఆడేవాళ్లను గెంటేసి, మళ్లీ రాకుండా వాళ్ల ఇంటర్నెట్ అడ్రసును సర్వర్ గుర్తుపెట్టుకుంటుంది. పాత అడ్రసులు పొట్టివి, వాటికి సరిపడా జాగానే అందులో ఉంది. ఇప్పుడొస్తున్నవి బారెడు పొడుగు.

“ముందు భాగం ఉంచుకుని తోక కోసేస్తే నష్టమేంటి సార్?” అని అడిగింది. అప్పటికే కోసేసిన సంగతి మాత్రం చెప్పలేదు. జాగా పెంచాలంటే సర్వరంతా కెలకాలి. ఫైనల్ ముందు ఏదైనా తిరగబడితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ఆమె భయం.

ఆయన తన ఫోన్ తీసి, ఫైనల్ జట్లు సాధన చేసుకుంటున్న కోర్టులోకి దూరారు.

“నేను మోసం చేస్తున్నాననుకో. నన్నొక్కణ్ణే గెంటెయ్,” అన్నారు.

గెంటేసింది. తెరమీద ఆయన బొమ్మ మాయమైంది. చూశారా అన్నట్టు ఆమె తలెత్తేలోగా పక్కనున్న బొమ్మా మాయమైంది. తర్వాత దాని వెనకది. కళ్లముందే కోర్టు ఖాళీ అవుతోంది. అంతలో ఆఫీసు ఫోన్ మోగింది. సామర్లకోట జట్టు కెప్టెన్ సత్యవేణి.

“ఏటండీ ఇది? మోసం చేసినందుకు తీసేశామని నా పేరు పక్కన పడిందండి. మా జట్టోళ్లంతా నాకేసే చూత్తన్నారు. నేనేం చేశానండీ?”

ఆవిడదీ పరాంకుశం గారిదీ ఒకే ఫోన్ కంపెనీ కనెక్షన్. ఆ చుట్టుపక్కల ఆ కనెక్షన్ వాడే వాళ్లందరి అడ్రసులకూ ముందు భాగం ఒకటే, తేడా అంతా చివర్లోనే. తోక కోసేసరికి సర్వర్‌కు వాళ్లంతా ఒక్కరేనని వైజయంతికి అర్థమైంది.

“మీ తప్పేం లేదండీ. నాదే,” అంది. గెంటివేతను రద్దు చేసి అందరినీ లోపలికి రానిచ్చింది. పరాంకుశం గారు నిర్వాహకులతో మాట్లాడి ఫైనల్‌ను మర్నాటికి మార్పించారు. కోసేశావా అని ఒక్క మాట కూడా అడగలేదు. అడిగినా బాగుండుననిపించింది ఆమెకు.

జాగా పెంచే పనికి కూర్చుంది. రేపటికి కాకపోతే ఏ మొహంతో సత్యవేణికి ఫోన్ చెయ్యాలి?

“తోక మొత్తం ఉంచాలంటే ఇంత తక్కువ వ్యవధిలో అవుతుందో లేదో సార్,” అంది.

పరాంకుశం గారు కుర్చీ ఆమె పక్కకు లాక్కుని కూర్చున్నారు.

“నువ్వు తోకన్నావే, సత్యవేణి ఉండేది అక్కడేనమ్మా.”