నీడన ఆరిన వావిలాకు

నల్లకొండ వాలులో ఒక ఇప్పచెట్టు, దాని తొర్రలో చెంచమ్మ అనే ఉడుత. రాముడి వేళ్లు వీపు నిమిరిన వంశం కదండీ, కష్టానికి వెనుదీయదు. మృగశిర కార్తె దగ్గరపడింది. వాన పట్టిందంటే నెలల తరబడి ముగ్గురు పిల్లలకూ తొర్రలో దాచిన జొన్నలే దిక్కు. వాటికి పురుగు పట్టకుండా మధ్యమధ్యన వేద్దామని వావిలాకు కోసుకొచ్చింది.

పక్క తొర్రలో ముక్కుపురుగు సూరప్ప కాపురం. నిరుడు చెంచమ్మ గింజలను పిండి చేసి వదిలిన ఘనుడు. ఆకు చూడగానే వాడు పరుగున వచ్చాడు.

"అత్తా, పచ్చాకు వేస్తే గింజ బూజు పడుతుంది. జొన్నల్ని ఎండబెట్టినట్టే ఆకునూ మూడు రోజులు బండమీద ఎండబెట్టు" అన్నాడు.

"నా గింజల మీద నీకెంత ప్రేమ, అల్లుడూ" అని నవ్వింది గానీ, మాట సబబుగానే తోచింది. ఏది దాచాలన్నా ముందు ఎండబెట్టడం ఆ కొండ అలవాటు.

మూడో రోజుకు ఆకు గలగలలాడింది. చెంచమ్మ నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒట్టి గడ్డి వాసన. చెట్టుకింద నెమరేస్తున్న గేదె నల్లమ్మకు తెచ్చి చూపించింది.

"అక్కా, ఈ ఆకుకేమైంది?"

"ఎండలో పెట్టావా పిచ్చిదానా? పురుగును తరిమేది ఆకులోని నూనె. ఎండకి అది కాస్తా ఎగిరిపోతుంది. నీడన ఆరబెట్టాలి. ఎవరు చెప్పారే నీకు?"

"మా అల్లుడు సూరప్ప."

"కళ్లు తెరవని పిల్లలకి అప్పుడే పెళ్లి చేశావా?" అని నల్లమ్మ తోక విదిలించింది.

చెంచమ్మ మళ్లీ ఆకు కోసి, కొమ్మల గుబురులో నాలుగు రోజులు ఆరబెట్టి, నలిపి, జొన్నల్లో పొరపొరకూ వేసింది. పైన మాత్రం ఎండిపోయిన పాత ఆకు పరిచింది.

"నువ్వు చెప్పినట్టే ఎండబెట్టాను, అల్లుడూ. వచ్చి చూసుకో."

సూరప్ప పైఆకు వాసన చూశాడు. ఏమీ లేదు. బలగాన్నంతా వెంటేసుకుని తానే ముందుగా జొన్నల్లోకి ముక్కు దూర్చాడు. బెత్తెడు దిగాడో లేదో కాళ్లు తడబడ్డాయి, మీసాలు మెలితిరిగాయి. వెనక్కి దొర్లి సొంత బలగం మీదే పడ్డాడు.

"అత్తా, చంపేస్తావా ఏంటి?"

"దేవుడిచ్చిన ప్రాణం నేనెందుకు తీస్తాను నాయనా? వాగు ఒడ్డున రాలు గింజలున్నాయి, అవి నీ కోసమే రాల్చాడు ఆయన. వాన రాకముందే పిల్లల్ని తీసుకుని బయల్దేరు."

వాళ్లు దిగిపోయాక చెంచమ్మ జల్లు కొట్టకుండా తొర్ర నోటి చుట్టూ మట్టి మెత్తి, పిల్లల పక్కన ఒళ్లు వాల్చింది.

కనుక తల్లులారా, నాయనలారా, మన గింజ మీద కన్నేసినవాడు చెప్పే సలహాను ఒకసారి వాసన చూశాకే పాటించాలి.