నూలుతో కుట్టిన పుటలు

భావనయ్యగారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆయన్ని ప్రశ్న అడిగినవాడు సమాధానం దొరికేదాకా ఆయన పక్కనుంచి లేవకూడదు. సమాధానం ఆయన నోటి నుంచే రావాలని లేదు. వీధిలోంచి రావచ్చు, వంటింట్లోంచి రావచ్చు, ఆ రోజుకి అసలు రాకపోవచ్చు. రాకపోతే మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్ళీ అక్కడే కూర్చోవాలి. అందుచేత ఊరికే కాలక్షేపానికి ప్రశ్నలు వేసేవాళ్ళు ఆయన గడప తొక్కేవారు కాదు.

మాది నేతగాళ్ళ ఊరు. భావనయ్యగారు మగ్గం దిగిన తరువాత తన ఇంటి ముందు గదిని చదువుకునే గదిగా చేశారు. గురువారం సాయంత్రాలు అక్కడ సత్సంగం జరిగేది. మిగతా రోజుల్లో బడి పిల్లలు వచ్చి నవలలు తీసుకుపోయేవారు. ఆ గదికి ఉన్నది ఒకటే నియమం: పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చు గాని, ఊరి పొలిమేర దాటించకూడదు. ఆ నియమాన్ని మా ఊళ్ళో ఎంత అల్లరి పిల్లవాడైనా తప్పినట్టు నాకు తెలియదు.

శరభయ్య ఆయన శిష్యుడు. హైస్కూల్లో తెలుగు చెప్పే మాష్టారు. నిష్ఠ గల మనిషి, తెల్లవారకముందే స్నానం, పరనింద లేదు, కాఫీ కూడా ముట్టడు. పిల్లలకు ఏ నవల ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో చూసే పని గురువుగారు అతనికి అప్పగించారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల మనసులు తడి మట్టి లాంటివని, వాటి మీద చెడ్డ వేలిముద్ర పడకూడదని శరభయ్య గట్టిగా నమ్మేవాడు. ఆ నమ్మకంతో అతనొక ఏర్పాటు చేశాడు. నవల మొత్తం మంచిదై, మధ్యలో కొన్ని పుటలు మాత్రం ఆ వయసుకు తగనివనిపిస్తే, ఆ పుటలన్నిటినీ కలిపి అంచున మగ్గం నూలుతో కుట్టేసేవాడు. పిల్లలు కుట్టు దాకా చదివి, కుట్టిన మందాన్ని ఒక్కసారిగా తిప్పి, అవతలి పుటనుంచి మళ్ళీ చదువుకోవాలి. భావనయ్యగారు ఆ కుట్లు చూశారు. ఏమీ అనలేదు.

ఒకనాడు మధ్యాహ్నం శరభయ్య ఆయన ముందు కూర్చుని అడిగాడు.

"అయ్యగారూ, ఎంత జల్లెడ పట్టినా నాకు తృప్తి కలగడం లేదు. ఒక నవల మంచిదంటే అందులో ఒక చెడ్డ మనిషి ఉంటాడు. ఆ మనిషి పోతే కథ ఉండదు. ఆ ఎదిగే వయసు పిల్లలకి ఏ నవలలు ఇవ్వాలి? ఏ పుటలు మూయాలి?"

"కూర్చో" అన్నారు భావనయ్యగారు.

శరభయ్య కూర్చున్నాడు. ఎండ అరుగు దిగి వీధిలోకి జరుగుతోంది. అతను కదలలేదు. అప్పుడు వచ్చింది కోటమ్మ. పక్క వీధిలో నూలు కండెలు చుట్టి బతికే మనిషి. చేతికి నూలు పోగులు అలాగే అంటుకుని ఉన్నాయి.

"అయ్యగారూ, మా హైమ ఇక్కడికొచ్చిందా?"

రాలేదన్నారు.

"బళ్ళో లేదు. వాళ్ళ స్నేహితురాలింట్లో లేదు. గుడ్డల సంచీ లేదు. దాని వెండి పట్టీలు పెట్టెలో పెట్టా, అవీ లేవు." ఆమె గడప పట్టుకుని నిలబడిపోయింది. "వాళ్ళ పిన్నికి పురుడొచ్చింది, వెళ్ళి సాయం ఉండవే అన్నాను. పాటల పోటీకి పేరిచ్చాను, ఒంగోలు వెళ్ళాలి, నేను పోనంది. పాటలు కూడు పెడతాయా అన్నాను. అంతే. నేనన్నది అంతే. పొద్దుటిదాకా ఆ ఎర్రట్ట పుస్తకం పట్టుకుని కూర్చుంది."

శరభయ్య ముఖం పాలిపోయింది. ఆ ఎర్రట్ట నవల ఇచ్చింది అతనే.

"అది పాట మీద ప్రేమ గల పిల్ల కథ కదా అని ఇచ్చాను" అన్నాడు. "కోమలి అనే పిల్ల. చాలా పట్టుదల గల పిల్ల."

"అందులో నువ్వు కుట్టిందేమిటి?" అన్నారు భావనయ్యగారు.

"ఆ పిల్ల ఇంట్లో చెప్పకుండా మద్రాసు వెళ్ళి పడ్డ పాట్లు. పదమూడేళ్ళ పిల్ల చదవదగినవి కావు."

"కుట్టకుండా వదిలిందేమిటి?"

 శరభయ్య గొంతు తగ్గించి చెప్పాడు. "ఇల్లు వదలడం. రైలెక్కడం. చివర్లో పెద్ద గాయని కావడం."

భావనయ్యగారు లేచి కండువా వేసుకున్నారు. శరభయ్య కుట్టుపని చేసుకునే బల్ల మీద ఉన్న బ్లేడు తీసి అతని చేతికిచ్చారు. "పద" అన్నారు. అప్పుడు అక్కడున్న మేము ఒకరిద్దరం కూడా వెంట నడిచాము.

బస్టాండులో ఒంగోలు బస్సు నిలబడి ఉంది. అక్కణ్ణుంచి మద్రాసు రైలు అందుతుంది. డ్రైవరు టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని ఉన్నాడు. హైమ కిటికీ పక్క సీట్లో ఉంది. ఒళ్ళో సంచీ, సంచీ మీద ఎర్రట్ట పుస్తకం. కోటమ్మ పరుగున వెళ్ళబోతే భావనయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"లాగి దించకు."

"మీ కడుపున పుట్టుంటే ఇలాగే అంటారా?" అంది కోటమ్మ. ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు.

"ఇవాళ లాగి దించితే రేపు నీకు కనపడకుండా ఎక్కుతుంది. నువ్వూ ఎక్కు. వెనక కూర్చో. నోరెత్తకు."

ఆయన వెళ్ళి హైమ పక్కన కూర్చున్నారు. శరభయ్య ముందు సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. హైమ ఆయన్ని చూసి బిగుసుకుపోయింది. ఏడవలేదు.

"నేను దిగను అయ్యగారూ."

"నేను దిగమన్లేదు. చివరిదాకా చదివావా?"

"చదివాను. కుట్టేసినవి తప్ప."

"దారం తెంపి చూడాలనిపించలేదా?"

"మాష్టారు వద్దన్నారుగా" అంది హైమ.

ఇల్లు వదిలి వచ్చిన పిల్ల, తల్లి మాట కాదన్న పిల్ల, మాష్టారు మూసిన దారాన్ని మాత్రం ముట్టలేదు. ఆ మాట వింటున్నప్పుడు శరభయ్య ఎటు చూడాలో తెలియక బ్లేడు వంక చూశాడు.

"కోసి చదువు" అన్నారు గురువుగారు అతనితో.

"ఇక్కడా? ఇంతమందిలోనా? ఆడవాళ్ళున్నారు అయ్యగారూ."

"మూసింది నువ్వేగా."

కండక్టరు వచ్చాడు. "ఏం పెద్దాయనా, టిక్కెట్లా, పురాణమా?"

"ఈ అమ్మాయి ఎక్కడిదాకా తీసుకుంది?"

"ఒంగోలు."

"మా ముగ్గురికీ ఒంగోలే కొట్టు." అని శరభయ్యనీ, వెనక కూర్చున్న కోటమ్మనీ చూపించారు. మేము పక్క ఊరిదాకా తీసుకున్నాము. హైమ చటుక్కున వెనక్కి తిరిగింది. తల్లిని చూసింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. శరభయ్య హైమ ఒళ్ళోంచి పుస్తకం తీసుకుని దారం కోశాడు. గట్టిగా కుట్టాడేమో, పుట అంచు కాస్త చిరిగింది. బస్సు కదిలింది. అతను చదవడం మొదలుపెట్టాడు.

మద్రాసు స్టేషనులో కోమలిని ఒకావిడ పలకరిస్తుంది. 'అమ్మాయీ, నీ మాట వింటే మా వైపు పిల్లలా ఉన్నావే' అంటుంది. సంగీతం మేడమీద నేర్పిస్తారని తీసుకుపోతుంది. కడుపునిండా అన్నం పెడుతుంది. చాప వేస్తుంది. తరువాత తలుపు మూసి బయట గొళ్ళెం పెడుతుంది. శరభయ్య అక్కడ చదవడం ఆపేశాడు. భావనయ్యగారు అతని వైపు చూడనైనా చూడలేదు. అతను మళ్ళీ అందుకున్నాడు. మెట్ల మీద బరువైన అడుగులు. కింద ఎవరో బేరమాడుతున్న గొంతులు. ఆ అడుగులు వినపడకుండా ఉండాలని కోమలి తనకొచ్చిన పాటలన్నీ ఒకదాని తరువాత ఒకటి పాడుకుంటుంది. పాటలు అయిపోతాయి. అడుగులు అయిపోవు.

బస్సులో మాటలు ఆగిపోయాయి. పళ్ళబుట్టతో ఎక్కిన ముసలామె బుట్ట పక్కకి నెట్టి ముందుకి వంగింది. ఎవరో దగ్గితే, "అబ్బ, ఊరుకోవయ్యా" అని కండక్టరే కసిరాడు. హైమ వేళ్ళు సంచీ తాడుని మెలిపెడుతున్నాయి.

పాకీ పని చేసే ఆడమనిషి ఒకతె తెల్లవారుజామున గొళ్ళెం తీస్తుంది. ఏమీ అడగదు. 'వెనక సందులోంచి పో, ఆగకు' అంటుంది. ఆ పిల్ల ఆగదు. చెప్పులు లేకుండా, పట్టీలు అమ్ముకుని, అడిగినవాళ్ళందరికీ అబద్ధాలు చెప్పి ఇంటి దారి పడుతుంది. ఒక మధ్యాహ్నం తన వీధిలోకి వస్తుంది. ఎవరూ పలకరించరు. తన ఇంటి తలుపు మూసి ఉంటుంది. కోమలి తలుపు తట్టడానికి చెయ్యెత్తి, తట్టలేక నిలబడుతుంది. లోపల గాజుల చప్పుడు.

బస్సు ఆగింది. మా ఊరి చివర రైలు గేటు పడింది. గేటుకి అవతల పొలాలు వేరే ఊరివి. గూడ్సు బండి నిదానంగా వస్తోంది. శరభయ్య ఇంకా చదువుతున్నాడు: "'ఎవరది?' అంది లోపలి గొంతు. కోమలి నోట మాట రాలేదు."

భావనయ్యగారు చెయ్యి చాచి పుస్తకం మూసేశారు.

"ఇది మన పొలిమేర. పుస్తకం గేటు దాటకూడదు. హైమా, నువ్వు ఒంగోలు పోతానంటే పద, మేము ముగ్గురమూ నీతోనే వస్తాం. పుస్తకం మాత్రం గేటు మనిషికి ఇచ్చేస్తాను."

"తలుపు తీసిందా?" అంది హైమ. "వాళ్ళమ్మ."

ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు. గూడ్సు పెట్టెలు ఒకటొకటే వెళుతున్నాయి. చివరి పెట్టె దాటిపోయింది. గేటు మనిషి చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. గేటు లేస్తోంది. డ్రైవరు గేరు మార్చాడు. హైమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని ఆమె ముఖం ఇంకా మొండిగానే ఉంది. వెనక కోటమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పిల్లని పిలవలేదు. ఆ రోజు ఆ తల్లి చేసిన అన్నిటికన్నా కష్టమైన పని అది.

"ఆపండి" అంది హైమ. "దిగుతాను."

"కొట్టిన టిక్కెట్లు వెనక్కి తీసుకోను" అన్నాడు కండక్టరు. తరువాత వంగి శరభయ్యతో మెల్లగా అన్నాడు. "ఇంతకీ తీసిందా లేదా, చెప్పి దిగండి మాష్టారూ."

"వచ్చి చదువుకో. మా గది గురువారం కూడా తెరిచే ఉంటుంది" అన్నారు భావనయ్యగారు.

గేటు మనిషి గది ముందు రాతి బల్ల ఉంది. అందరూ అక్కడ నిలబడ్డారు. తల్లీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కొట్టుకుంటారేమో, ఏడుస్తారేమో అని మేము చూస్తున్నాము. కోటమ్మ హైమ చేతిలోంచి సంచీ తీసుకుంది. బల్ల మీద కూర్చుంది.

"చదవండి మాష్టారూ" అంది. "ఆ తల్లి ఏం చేసిందో."

శరభయ్య చదివాడు. నవల్లో ఆ తల్లి తలుపు తీస్తుంది. చెంప మీద ఒకటి కొడుతుంది. తరువాత వేణ్ణీళ్ళు పెట్టి, పిల్ల కాళ్ళు తనే కడుగుతుంది. ఎక్కడికి పోయావని అడగదు. ఎండాకాలం వెళ్ళాక, సాలూరు నుంచి తన అన్నని పిలిపించి, ఇల్లు అతనికి అప్పజెప్పి, పిల్లని వెంటబెట్టుకుని తనే మద్రాసు రైలెక్కుతుంది. పాట నేర్పే పెద్దాయన ఇంటి అరుగు మీద పగలంతా కూర్చుంటుంది. సాయంత్రం పిల్లతో కలిసి నడిచి వస్తుంది. ఇవన్నీ కుట్టిన పుటల్లోనే ఉన్నాయి. చెడ్డ చోటునీ, ఆ చోటు నుంచి ఇంటికి వచ్చిన దారినీ శరభయ్య ఒకే దారంతో కలిపి కుట్టేశాడు.

చదవడం అయ్యేసరికి ఎండ తగ్గింది. కోటమ్మ చేతికున్న నూలు పోగులు ఒక్కొక్కటే లాగి కింద పడేసింది.

"పోటీ ఎప్పుడన్నావే?" అంది.

హైమ చెప్పింది. కోటమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. సంచీ భుజాన వేసుకుని లేచింది. హైమ ఆమె వెనక కాకుండా ఆమె పక్కన నడిచింది.

వాళ్ళు కాస్త ముందుకు వెళ్ళాక శరభయ్య గురువుగారి దగ్గరగా వచ్చాడు. చేతిలో చిరిగిన అంచు గల పుస్తకం ఉంది. బ్లేడు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్ళి అన్ని కుట్లూ విప్పేస్తాను" అన్నాడు.

"కుట్టినట్టే విప్పడం కూడా ఒక పూట పనే. దాంతో అయిపోదు" అన్నారు భావనయ్యగారు.

శరభయ్య తల వంచుకుని కొంతదూరం నడిచాడు. అతను నిజాయితీ గల మనిషి గనుక మధ్యాహ్నం అడిగిన ప్రశ్నని వదిలిపెట్టలేకపోయాడు. "అయితే అయ్యగారూ, పిల్లలకి ఎలాంటి నవలలు ఇవ్వమంటారు?"

భావనయ్యగారు కండువా ముడి విప్పి, వాడని ఒంగోలు టిక్కెట్టు ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టారు.

"ఇవ్వదగిందే ఇవ్వు శరభం. ఏది ఇచ్చినా పిల్లతోపాటు నువ్వూ ఎక్కాలి. ముందు నీ టిక్కెట్టు నువ్వు తీసుకో."