మాలకొండమ్మ ఎంచుకున్న దూడ

అనగనగా గుండ్లకమ్మ ఏటి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో మనుషుల కంటే గొడ్లే ఎక్కువ. ఆ గొడ్లు మాట్లాడేవి. పెద్దవాళ్ళ చెవికి అది ఉత్త "అంబా" లాగే వినపడేది. పిల్లలకి మాత్రం ప్రతి మాటా తెలిసేది.

ఆ ఊళ్ళో మాలకొండమ్మ అనే అమ్మాయి ఉండేది. సన్నగా, పొట్టిగా ఉండేది. కానీ ఏదైనా పట్టుకుంటే వదిలే రకం కాదు.

ఏటా ఎండలు ముదరకముందే పక్క పట్నంలో పశువుల ప్రదర్శన జరిగేది. ఆ ఏడు పిల్లలకి కూడా ఒక పోటీ, గెలిస్తే ఒక కప్పు పెట్టారు. దూడ పగ్గం పిల్లలే పట్టుకోవాలి. బరిలో నడిపించాలి, నిలబెట్టాలి. పెద్దవాళ్ళు బరి చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి రాకూడదు.

మాలకొండమ్మ నాన్న పిచ్చయ్య కూతుర్ని గొడ్ల సావిడికి తీసుకెళ్ళాడు.

"మనకి మూడు దూడలున్నాయమ్మా. నీకు ఏది కావాలో నువ్వే చూసుకో. బరిలో నేను నీ పక్కన ఉండను కదా" అన్నాడు.

మొదటిది భూపతి అనే కోడెదూడ. ఒళ్ళంతా పాలనురుగులా తెలుపు. అప్పుడే మూపురం లేస్తోంది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. "నన్ను తీసుకెళ్ళు. నేను నిలబడితే చాలు, ఇంకో దూడ వైపు ఎవరూ చూడరు" అంది.

రెండోది చిలకమ్మ అనే పెయ్యదూడ. కాటుక దిద్దినట్టు ఉండే కళ్ళు దానివి. "ముందు నా కళ్ళు చూడు. తర్వాత చెప్పు" అంది.

మూడోది సూరీడు. ఒళ్ళు తెల్లబడుతున్నా, పుట్టినప్పటి ఎరుపు దాని మెడ మీద ఇంకా పోలేదు. అది గడ్డి నములుతూ, "బరి అంటే ఏంటి? అక్కడ మేత ఉంటుందా?" అని అడిగింది.

మాలకొండమ్మ భూపతిని ఎంచుకుంది. మీరైనా దాన్నే ఎంచుకునేవాళ్ళు. ఆమె బాబాయి చెంచయ్య కూడా, "కప్పు ఇంటికొచ్చినట్టే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పగ్గం పట్టుకుని బండిబాట మీదికి వెళ్ళింది. పక్కనే పచ్చజొన్న చేను. భూపతి అటు తిరిగింది. మాలకొండమ్మ ఇటు లాగింది. భూపతి వెళ్ళింది. ఆమె కూడా వెళ్ళింది, బోర్లా పడి, మట్టిలో రాసుకుపోతూ. మోకాళ్ళు దోక్కుపోయాయి.

"ఆగమంటే ఆగవేం?" అని అడిగింది ఏడుపు ఆపుకుంటూ.

"నువ్వు ఆగమంటే నేనెందుకు ఆగాలి? చూసేది నన్ను. నువ్వు నా వెనకాల రా" అంది భూపతి.

మరుసటి రోజూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. తాడు ఒరుసుకుని అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

చెంచయ్య అది చూసి దగ్గరికొచ్చాడు. "పిచ్చిపిల్లా, ఒక ఉపాయం చెప్తా విను. ప్రదర్శన ముందు రోజు మేత తగ్గించు. ఆ పొద్దున నీళ్ళు పెట్టకు. సత్తువ లేకపోతే అదే గొర్రెలా నడుస్తుంది. పోటీ అయ్యాక కడుపునిండా పెట్టుకోవచ్చు" అన్నాడు.

ఆ సాయంత్రం భూపతి మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"నిజంగానే నాకు నీళ్ళు పెట్టవా?"

మాలకొండమ్మకి ఆ కప్పు మీద ఎంతో ఆశ. అయినా కుడితి తొట్టిని దాని ముందుకి జరిపింది.

"పెడతాను. నిన్ను నీరసపెట్టి గెలవడం నాకొద్దు. నీ బలానికి నా చేతులు చాలవు, అంతే. నేను ఇంకో దూడని చూసుకుంటాను" అంది.

గొడ్ల వెంట పురుగులు ఏరుకుంటూ తిరిగే తెల్లకొంగ ఒకటి ఈ మాట విన్నది.

"ఈసారి మొహాలు చూడకు. వెనక నిలబడి కాళ్ళు చూడు. నేను రోజంతా చూసేది అవే. నా తిండి వాటి కిందే ఉంటుంది" అంది.

మాలకొండమ్మ చిలకమ్మ వెనక నిలబడింది. నడుస్తుంటే దాని వెనక కాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. చిలకమ్మ సిగ్గుపడి ఆగిపోయింది.

"ఎక్కువసేపు నడిస్తే నొప్పిగా ఉంటుంది. అందుకే ఎప్పుడూ గడ్డిలో నిలబడతాను" అని ఒప్పుకుంది.

"నొప్పి పెట్టే పని నీతో చేయించను. ఇక్కడే హాయిగా ఉండు" అని మాలకొండమ్మ దాని నుదురు నిమిరింది.

తర్వాత ఆమె సూరీడు వెనక నిలబడింది. నాలుగు కాళ్ళూ తిన్నగా ఉన్నాయి. వీపు చదునుగా ఉంది. గిట్టలు గట్టిగా నేలకి ఆనుతున్నాయి. పగ్గం పట్టుకుని నాలుగడుగులు నడిచి ఆగింది. సూరీడు కూడా ఆగింది.

"ఎందుకాగావు?" అని అడిగింది మాలకొండమ్మ.

"నువ్వు ఆగావుగా. ఏదో చూశావనుకున్నాను" అంది సూరీడు.

ఇక ఆమె ఎవరినీ సలహా అడగలేదు.

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే తిరిగారు. పొద్దున ఏట్లో స్నానం. కొబ్బరిపీచుతో ఒళ్ళు రుద్దడం. సాయంత్రం బండిబాట మీద నడక. ఒకరోజు ట్రాక్టరు మోతకి సూరీడు బెదిరి మాలకొండమ్మ పాదం తొక్కింది. ఆమె కొట్టలేదు. మర్నాడు దాన్ని రైసుమిల్లు దాకా తీసుకెళ్ళి, ఆ రొదలో తవుడు తినిపించింది. మోత వినపడితే ఇంటికి పరిగెత్తనక్కర్లేదని సూరీడుకి మెల్లగా అర్థమైంది.

ఈలోగా చెంచయ్య తన కొడుకు కేశవ కోసం భూపతిని అడిగి తీసుకెళ్ళాడు. మాలకొండమ్మ కేశవని పక్కకి పిలిచింది.

"అన్నా, దానికి నీళ్ళు మాత్రం మానిపించకు."

కేశవ తల దించుకున్నాడు. "నాన్న చెప్పినట్టు చెయ్యాలిగా" అన్నాడు.

ప్రదర్శన రోజు వచ్చింది. బరి చుట్టూ జనం. మైకులో పాటలు. భూపతి అడుగుపెట్టగానే అందరూ చప్పట్లు కొట్టారు. దాని తల వాలి ఉంది. కేశవ చెప్పినట్టే నడుస్తోంది. తాడు అవతల చెంచయ్య మీసం దువ్వుకున్నాడు.

"నాలుక పిడచకట్టుకుపోతోంది" అని గొణిగింది భూపతి.

కేశవకి ఆ మాట అర్థమైంది. "కాసేపు ఓర్చుకో" అన్నాడు.

తీర్పు చెప్పేది ఒక పశువుల డాక్టరమ్మ. ఆమె ఒక్కో దూడనీ చూసుకుంటూ వస్తోంది. అప్పుడే బరి అవతల ఎవరో ఎడ్ల కోసం తొట్టిలో నీళ్ళు ఒంపారు. ఆ చప్పుడు భూపతి చెవిన పడింది. అంతే, ఉన్న సత్తువంతా కూడగట్టుకుని దూకింది. కేశవ పడిపోయాడు. కొంతదూరం అది ఈడ్చుకుపోయాక పగ్గం వదిలేశాడు.

బరి అంతా గందరగోళమైంది. దూడలు చెదిరిపోయాయి. పిల్లలు తాళ్ళు వదిలేసి పరిగెత్తారు. భూపతి సూటిగా సూరీడు వైపే వస్తోంది.

"పరిగెడదామా?" అంది సూరీడు.

మాలకొండమ్మకీ భయంగానే ఉంది. అయినా చెయ్యి దాని మెడ మీద ఆనించింది. "వద్దు. నేను ఇక్కడే ఉన్నాను" అంది.

సూరీడు కదల్లేదు. భూపతి వాళ్ళ పక్కనుంచి దూసుకుపోయి, తాడు దూకి, తొట్టిలో మూతి పెట్టింది.

డాక్టరమ్మ దాని దగ్గరికెళ్ళింది. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలింది. చర్మం వెంటనే సర్దుకోలేదు.

"ఈ దూడకి నీళ్ళెప్పుడు పెట్టారు?" అని అడిగింది.

చెంచయ్య పక్కకి చూశాడు. కేశవ మోచేతి నుంచి నెత్తురు కారుతుండగా లేచి నిలబడ్డాడు.

"పొద్దుటి నుంచీ పెట్టలేదండీ. అది అడిగింది. తెలిసీ నేను పెట్టలేదు" అన్నాడు.

ఆ మాటకి చెంచయ్య తల వంచుకున్నాడు.

డాక్టరమ్మ మాలకొండమ్మ దగ్గరికొచ్చింది. "ఆ తెల్లదూడ మీ ఇంటిదేనటగా. దీన్నెందుకు తెచ్చావమ్మా?" అని అడిగింది.

"అది మంచి దూడేనండీ. కానీ నేను దాన్ని పట్టుకోలేను. దీని కాళ్ళు తిన్నగా ఉన్నాయి. వీపు చక్కగా ఉంది. నా ఎత్తుకి సరిపోయింది. నేను ఆగితే ఆగుతుంది" అని తడబడకుండా చెప్పింది మాలకొండమ్మ.

డాక్టరమ్మ సూరీడు కాలు ఎత్తి చూసింది. పళ్ళు చూసింది. సూరీడు ఊరుకుంది. ఇంకోసారి నడిపించమంది. దూడా అమ్మాయీ ఒకే అడుగుగా నడిచారు. మొదటి బహుమతి కప్పు వాళ్ళకే ఇచ్చారు.

తిరుగు ప్రయాణంలో బోరింగు కనపడగానే చెంచయ్య బండి ఆపి, తనే బాల్చీలోకి నీళ్ళు కొట్టి గొడ్లన్నిటికీ పెట్టాడు.

కేశవ భూపతి పక్కన చేరాడు. "తప్పు నాదే. రేపటి నుంచి రోజూ నాతో నడుస్తావా?" అని అడిగాడు.

భూపతి తల తిప్పి అతని వైపు చూసింది.

"పచ్చజొన్న కనపడితే ఆగుతానని మాటివ్వలేను. నిన్ను పడేసి మాత్రం పోను" అంది.

కేశవ నవ్వి, దాని మూపురం మీద చెయ్యి వేశాడు.

నీతి: చూపులకి గొప్పగా ఉన్నదాన్ని కాక మన చేతికి కుదిరినదాన్ని ఎంచుకోవాలి, దాని నమ్మకాన్ని రోజూ ప్రేమగా సంపాదించుకోవాలి.