ఎడ్ల గోలెంలో తవిటయ్య భోజనం

కాళ్ళు దుప్పట్లో పెట్టుకున్నావా? ఆ చెయ్యి ఇటు ఇయ్యి. ఇవాళ కంచంలో తోటకూరంతా అంచుకి నెట్టేశావు, నేను చూళ్ళేదనుకోకు. తిట్టనులే. కథ చెప్తాను, కళ్ళు మూసుకుని విను.

అనగనగా వంశధార ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో తవిటయ్య అని ఒక రైతు ఉండేవాడు. నవ్వకు! ఆ రోజుల్లో అటువైపు చాలామందికి ఉండేది ఆ పేరు. ఎందుకో చెప్తా విను. ఒకింట్లో పుట్టిన పిల్లలు నిలవకుండా పోతున్నారనుకో, ఆ తర్వాత పుట్టిన బిడ్డని మంత్రసాని చేతుల్లో పెట్టేసేవాళ్ళు. "ఈ బిడ్డ మాది కాదు, నీదే" అనేవాళ్ళు. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ చేటెడు తవుడు తెచ్చి మంత్రసానికిచ్చి, బిడ్డని తిరిగి కొనుక్కునేది. తవుడంటే ఏంటో తెలుసా? వడ్లు దంచితే బియ్యం మీంచి రాలే ఎర్రటి పొడి. అలా కొంటే బిడ్డ దక్కుతాడని వాళ్ళ నమ్మకం. తవుడిచ్చి కొన్నారు కాబట్టి తవిటయ్య.

తవిటయ్యని అలా కొన్నది వాళ్ళ నాయనమ్మ. పెంచింది కూడా ఆవిడే. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగించేది. మధ్యాహ్నం దంపుడు బియ్యం అన్నంలో పొట్టుతో వండిన పెసరపప్పు, పెరటి తోటకూర, బీరతొక్కు పచ్చడి పెట్టేది. దంపితే తవుడు పూర్తిగా రాలదు కాబట్టి ఆ అన్నం ఎర్రగా, కాస్త గట్టిగా ఉండేది. నములుతుంటే కమ్మగా, తియ్యగా ఉండేది. ఇప్పటికీ ఆ వాసన తలుచుకుంటే నాకే నోరూరుతుంది.

ఇక సాయంత్రం గొడ్ల సాలలో పెద్ద కుండలో ఎడ్లకి ఉలవలు ఉడికేవి. అవి దించగానే నాయనమ్మ గుప్పెడు తీసి, ఇంత ఉప్పు చల్లి, ముందు మనవడి అరచేతిలో పోసేది. "ముందు నీకు, తర్వాత నీ అన్నదమ్ములకి" అనేది. అన్నదమ్ములంటే ఎవరనుకున్నావు? ఎడ్లు!

అలా తిని తవిటయ్య ఎలా ఎదిగాడంటే, నాగలి భుజాన వేసుకుని పొలం గట్టు మీద పాట పాడుకుంటూ పరిగెత్తేవాడు. ఆ తర్వాత పెళ్ళయింది. పెళ్ళాం పేరు పారమ్మ, మాటకి మాట అప్పచెప్పే మనిషి. కూతురు పైడి, నీ అంత ఉంటుంది. నాయనమ్మ అప్పటికి దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఏరువాక పున్నమి నాడు ఊరంతటి తరఫునా తొలి చాలు తవిటయ్య ఇంటివాళ్ళే దున్నాలి. తాతల నాటి నుంచి వస్తున్న గౌరవం అది. ఊరి చివర మొదలుపెట్టి ఏటిగట్టు దాకా, ఎక్కడా ఆగకుండా ఒకే చాలు. ఆ చాలు పడ్డాకే మిగతావాళ్ళు నాగళ్ళు కట్టేది.

అంతా బాగానే ఉంది కదా? అప్పుడొచ్చింది ఒక పెళ్ళి పిలుపు.

టౌనులో బియ్యం మర పెట్టిన షావుకారు ఇంట్లో పెళ్ళి. తవిటయ్య ధాన్యం అక్కడికే తోలేవాడు కాబట్టి పిలిచారు. వెళ్ళి బంతిలో కూర్చున్నాడు. ఆకులో అన్నం చూసి నోరెళ్ళబెట్టాడు. మల్లెపూలు కుప్ప పోసినట్టు ఉంది! దాని మీద గరిటెలతో నెయ్యి. పక్కన బూరెలు, వేపుళ్ళు, వేటమాంసం కూర. ఆకుపచ్చనిది అంటూ ఏదైనా ఉందంటే అది విస్తరాకే.

పక్కనున్న పెద్దమనిషి పేరడిగాడు. చెప్పాడు. ఆయన నవ్వేసి, "తవుడా! మా ఇళ్ళల్లో అది గొడ్లకి పోస్తాం కదయ్యా" అన్నాడు.

అందరూ నవ్వారు. తవిటయ్య కూడా నవ్వాడు గానీ, ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇంటికొచ్చాడు. రోలు దగ్గరున్న పెళ్ళాంతో, "ఒసేయ్ పారమ్మా, రేపట్నుంచి ఈ దంపుళ్ళు కట్టిపెట్టు. మనింట్లో తెల్లన్నమే ఉండాలి" అన్నాడు.

"ఏటయ్యిందయ్యా నీకు? పెళ్ళికెళ్ళొచ్చావా, దెయ్యం పట్టించుకొచ్చావా?"

"గొడ్లు తినేది మనుషులు తింటారేటే?"

అప్పుడు మరలో ఆడించిన తెల్లబియ్యం ఇంట్లోకి వచ్చింది. పారమ్మకి ఏదీ పారెయ్యడం చేతకాదు. అందుకని తవుడంతా తీసుకెళ్ళి ఎడ్ల కుడితి గోలెంలో పోసింది. ఆ తర్వాత తవిటయ్య "ఆకులూ అలములూ నాకొద్దు" అన్నాడు. తోటకూర, బీరతొక్కు, చిక్కుళ్ళు, అన్నీ వెళ్ళి గోలెంలో పడ్డాయి. ఆ తర్వాత "పొట్టు పప్పులు, చోళ్ళు, అంబళ్ళు, ఇవన్నీ లేనోళ్ళ తిండి" అన్నాడు. అవీ గోలెంలోకే. ఇంట్లో నెయ్యి, వేపుళ్ళు, బూరెలు, వేటకూర మిగిలాయి. పెద్దింటి భోజనం!

వాళ్ళ నాన్నని చూసి పైడి కూడా కంచంలో కూర అంచుకి నెట్టేది. అచ్చం నీలాగే. నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుస్తోందిలే.

పారమ్మ మాత్రం తన అంబలి తాను తాగేది. "పెద్దింటి మనిషివి నువ్వు. నేను పేదింటిదాన్ని, నా ముంత నాకుండనీ" అనేది.

ఇలా రోజులు గడిచాయి. తవిటయ్యకి ముందు పొట్ట వచ్చింది. బాగానే ఉందే, షావుకారులా ఉన్నాననుకున్నాడు. ఆ తర్వాత పొద్దున్నే చెంబు పట్టుకుని తోటలోకి వెళ్తే, ఎంతసేపటికీ వచ్చేవాడు కాదు. "ఏవయ్యా, అక్కడే కాపరం పెట్టేశావా?" అని పారమ్మ కేకేసేది. నవ్వు, నవ్వు, నవ్వాల్సిందే మరి. ఆ తర్వాత అన్నం తినగానే కళ్ళు మూతలు పడేవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గట్టు ఎక్కితే మోకాళ్ళు కలుక్కుమనేవి.

మరి ఎడ్లో? చుక్కడు, మచ్చడు వాటి పేర్లు. రోజూ గోలెం ఖాళీ చేసి తోకలు ఊపుకుంటూ ఉండేవి. ఒళ్ళు నున్నగా అద్దంలా మెరిసిపోయేది. మెడలు ఇంతింత లావయ్యాయి.

అలా ఉండగా ఏరువాక పున్నమి వచ్చింది.

ఊరంతా పొలం దగ్గర చేరింది. ఎడ్ల కొమ్ములకి రంగులు, మెడలో గంటలు, డప్పులు. తవిటయ్య కొత్త తలపాగా చుట్టి నాగలి మేడి పట్టుకున్నాడు. "హై!" అన్నాడు. అంతే! చుక్కడూ మచ్చడూ ఒక్క ఊపున బయల్దేరాయి. అవి అంత బలంగా లాగుతాయని ఆయనకేం తెలుసు? కాసేపు పరిగెత్తాడు. ఆ తర్వాత వగర్చాడు. ఆ తర్వాత కాళ్ళు బురదలో తేలిపోయి, మేడి పట్టుకుని వేలాడుతూ వెళ్ళాడు.

దాలినాయుడని, వరసకి బావ అవుతాడు, గట్టు మీంచి అరిచాడు. "బావోయ్! నువ్వు ఎడ్లని తోలుతున్నావా, ఎడ్లు నిన్ను తోలుతున్నాయా?"

నవ్వులే నవ్వులు. అంతలో మేడి చేతిలోంచి జారింది. తవిటయ్య బొక్కబోర్లా పడ్డాడు. ఎడ్లు కాస్త ముందుకెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి చూశాయి. ఏటిగట్టు ఇంకా దూరంగానే ఉంది. తొలి చాలు సగంలో ఆగిపోయింది.

అప్పుడు ఊరిపెద్ద చేయిపట్టి లేపాడు. నవ్వలేదాయన. "తవిటీ, మీ తాత దున్నాడు, మీ నాన్న దున్నాడు. ఈ ఏటికి దాలినాయుడు పూర్తి చేస్తాడు. వచ్చే ఏరువాకకి నీకు ఇంకొక్కసారి ఇస్తాం. అప్పుడూ ఆగిపోతే, తొలి చాలు మీ ఇంటి నుంచి పోయినట్టే" అన్నాడు.

తవిటయ్య ఊడిన తలపాగా చేత పట్టుకున్నాడు. బురద బట్టలతోనే ఇంటికొచ్చాడు. ఇంట్లోకి వెళ్ళడానికి మొహం చెల్లక, గొడ్ల సాలలోకి వెళ్ళి గోలెం పక్కన గడ్డి మీద కూలబడ్డాడు.

సాయంత్రమైంది. పారమ్మ వచ్చింది, మూల ఉన్నవాణ్ణి చూడలేదు. గోలెంలో తవుడు పోసింది. ఆ తర్వాత తోటకూర కాడలు, చిక్కుళ్ళు, ఆనపతొక్కలు వేసింది. ఆ తర్వాత పొయ్యి మీంచి ఉలవల కుండ దించి మూత తీసి, చల్లారనిచ్చి వెళ్ళింది.

ఆవిరి సాలంతా కమ్ముకుంది.

ఆ వాసన! తవిటయ్యకి ఒక్కసారి చిన్నప్పటి సాయంత్రాలు ముందుకొచ్చి నిలబడ్డాయి. నాయనమ్మ ముడతల చెయ్యి. అరచేతిలో కాలుతున్న ఉలవలు. ఊదుకుంటూ తినడం. చేటెడు తవుడిచ్చి తనని కొనుక్కున్న మనిషి ఆవిడ. అలాంటి తవుడుకి తను సిగ్గుపడ్డాడు. ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దమనిషి నవ్వాడని.

లేచి, కుండలోంచి గుప్పెడు ఉలవలు తీసి, ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉప్పు వేరే చల్లుకోనక్కర్లేకపోయింది. చుక్కడు మెడ చాచి, ఇదేంటి నా వంతు తింటున్నాడని చూసింది.

అంతలో పారమ్మ వచ్చి గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! ఎడ్ల దాణా తింటున్నావేటయ్యా!"

"ఇన్నాళ్ళూ అవి నా అన్నం తిన్నాయి కదే పారమ్మా" అన్నాడు తవిటయ్య.

పారమ్మ మొదట నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆ తర్వాత పక్కన కూర్చుని, "చెయ్యి పట్టు" అని ఇంకో గుప్పెడు పోసింది.

మర్నాడు పెరట్లో రోకలి చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి ఇద్దరూ చెరో రోకలి పట్టారు. తెల్లన్నం పోయి ఎర్రన్నం వచ్చింది. నెయ్యిగిన్నె అటకెక్కింది. వేటకూర, బూరెలు పొరుగూరికి వెళ్ళిపోయినట్టే పోయాయి. పొద్దున్నే అంబలి, మధ్యాహ్నం పప్పూ ఆకుకూరా, సాయంత్రం ఉలవలు, జామపళ్ళు, కాల్చిన చిలగడదుంపలు. ఎడ్లకి గడ్డి ఉంది, రోట్లో రాలిన తవుడు వాటికుంది, పాపం వాటినేం పస్తు పెట్టలేదు.

అయితే ఒక్కరోజులో ఏమైనా జరిగిపోయిందా? లేదమ్మా. మంత్రం కాదు కదా తిండి. మొదట్లో నాలుక మారాం చేసేది, బూరె కావాలని. కడుపు ఉబ్బరించేది. "ఇదంతా దండగే" అని ఒకరోజు కంచం తోసేశాడు కూడా. అప్పుడు పైడి తన కంచంలో తోటకూర ముద్ద కలుపుకుని, "నేను తింటే నువ్వు తింటావా నాన్నా?" అంది. ఇంకేం చేస్తాడు? తిన్నాడు.

ముందు కడుపు తేలికపడింది. చెంబు పట్టుకుని వెళ్తే ఇట్టే వచ్చేసేవాడు. ఆ తర్వాత అన్నం తిన్నా కునుకు రావడం మానేసింది. ఆ తర్వాత గట్టు ఎక్కుతుంటే ఆయాసం తగ్గింది. ఒకరోజు పొలం నుంచి వస్తూ వస్తూ ఆయనకే తెలియకుండా పాట అందుకున్నాడు. గుమ్మంలో పారమ్మ విని, లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

మళ్ళీ ఏరువాక పున్నమి వచ్చింది.

ఊరంతా చేరింది. దాలినాయుడు కొత్త పంచె కట్టి, తన ఎడ్లని కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. "బావా, పడితే చెప్పు, లేపడానికి తాడు తెచ్చాను" అన్నాడు. తవిటయ్య నవ్వి మేడి పట్టుకున్నాడు. "హై!"

చుక్కడూ మచ్చడూ ఊపందుకున్నాయి. వాటితో పాటే ఆయనా. పోయినేడు పడ్డచోటు వచ్చింది. ఊరు ఊపిరి బిగబట్టింది. మేడి ఊగింది, కాలు కొంచెం జారింది. తవిటయ్య మడమ తొక్కిపట్టి, గట్టిగా ఊపిరి పీల్చి, పాట ఎత్తుకున్నాడు. పాడుతూ పాడుతూ ఆ చోటు దాటేశాడు. తాడు పట్టి గీసినట్టు చాలు సాగింది, సాగింది, సాగింది... ఏటిగట్టు తగిలింది!

డప్పులు మోగాయి. అందరికంటే ముందు ఈల వేసిందెవరనుకున్నావు? దాలినాయుడే.

అప్పుడు పారమ్మ ఉలవల కుండ తెచ్చింది. చాలు పూర్తయ్యాక దున్నినవాడు ఎడ్లకి తన చేత్తో దాణా పెట్టాలి, అది రివాజు. తవిటయ్య గుప్పెడు తీశాడు. ఎడ్లు మెడలు చాచాయి. కానీ ఆయన వాటికి పెట్టలేదు. గట్టు మీదున్న పైడిని దగ్గరికి పిలిచి, దాని అరచేతిలో పోసి, ఊదాడు.

"ముందు నీకు" అన్నాడు. "తర్వాత నీ అన్నదమ్ములకి."

గట్టు మీద పిల్లలంతా చేతులు చాచారు. ఊరిపెద్ద పక్కకి వచ్చి, "తవిటీ..." అని ఏదో అనబోయాడు. తవిటయ్య ఆయన చేతిలోనూ గుప్పెడు పోసి, "పూర్తి పేరు పెట్టి పిలువు పెద్దయ్యా. తవిటయ్య. మా నాయనమ్మ తవుడిచ్చి కొనుక్కున్న పేరది" అన్నాడు.

అయిపోయింది. రేపు నీ కంచంలో తోటకూర అంచుకి పోతే, మనింట్లో ఎద్దు లేదు మరి, దాని బదులు నేనే తినేస్తాను. అప్పుడు నేను చుక్కడిలా బలిసి నిన్ను ఊరంతా లాక్కెళ్తా. ఊఁ? తింటావా? మా బంగారమే.

ఎడ్లేమో సాలకి, చుక్కలేమో మింటికి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
నిద్దరేమో మెల్లగా నీ చిట్టి కంటికి.