పేరు తెలియని ఉస్తాద్

సుబేదార్ ఓబులేసు వయసంతా పటాలంలోనే గడిపి ఊరికి వచ్చి, ఆ అనుభవాలన్నీ పుస్తకంగా రాస్తున్నాడు. తనకు తారసపడిన ఏ మనిషినీ వదలకూడదని ఆయన పట్టుదల. రోజూ రొట్టెలు మాడ్చిన వంటవాడికి కూడా పేరు, ఊరు చెప్పి రెండు పేజీలు ఇచ్చాడు.

అలాంటివాడు ఒక మనిషి దగ్గర ఆగిపోయాడు. దిగులుతో తిండి సయించక, కొండమీది దర్గాలో ఉండే తన గురువు హుస్సేన్ పీరా దగ్గరికి పోయాడు.

"పుస్తకం కాల్చేస్తా సామీ," అన్నాడు.

"ఏమైందప్పా?"

"మంచుకొండల్లో కాపలా కాస్తాంటే నా చేతితొడుగులు గాలికి కొట్టుకుపోయినాయి. నాకు పని నేర్పే పెద్దాయన తన తొడుగు ఒకటి తీసి నాకు తొడిగినాడు. రెండో చెయ్యి చంకలో పెట్టుకోని, డ్యూటీ మారేదాకా ఇద్దరమూ అట్లనే నిలబడినాము. ఈ వేళ్లు ఆయన పెట్టిన భిక్ష. ఆయన పేరే నాకు తెలీదు."

"అడగలేదా?"

"పని నేర్పే పెద్దోళ్లను మేము పేరుతో పిలవము సామీ. ఉస్తాద్ అంటాము, అంతే. వారం తిరక్కుండానే ఆయన్ని యాడికో మార్చినారు. అందరి పేర్లూ రాసి ఆయన పేరు రాయకపోతే, నాకంటే విశ్వాసం లేనోడు ఉంటాడా?"

ఆ రోజు దర్గాలో గంధం పండగ. జనం ఎండలో మెట్లెక్కి వస్తున్నారు. పీరా ఓబులేసు చేతికి ఒక చెంబు ఇచ్చి, నీళ్ల బాన దగ్గర కూర్చోబెట్టాడు.

సాయంత్రం దాకా ఓబులేసు నీళ్లు పోశాడు. సుబేదారుగారికి నడుం పట్టేసింది. దోసిలి పట్టినవాళ్లు "తాతా" అన్నారు, "ఓ మీసాలాయనా" అన్నారు. ఒక ముసలామె తాగి, తడిచేత్తో ఆయన తల నిమిరి, "నీ కడుపు సల్లగుండ" అంటూ మెట్లెక్కిపోయింది. ఆయనకు భలే సంతోషమేసింది.

జనం పలచబడ్డాక పీరా వచ్చాడు.

"నీ పేరు ఎంతమంది అడిగినారు?"

"ఒక్కరూ అడగలేదు సామీ."

"కష్టమనిపించిందా?"

"ఎందుకు సామీ? దప్పికతో వచ్చినోళ్లు, పాపం..." ఓబులేసు మాట మధ్యలో ఆగిపోయాడు.

పీరా ఆయన ముందు వంగి దోసిలి పట్టాడు.

"నాకూ ఇన్ని పొయ్యి, ఉస్తాద్."

ఓబులేసు చెంబు వంచాడు. కళ్లు తడిశాయి. ఇన్నాళ్లూ గుండెల మీదున్న బరువు దిగిపోయింది. గురువు తాగి మూతి తుడుచుకునేదాకా ఆగి, అప్పుడు నోరు తెరిచాడు.

"ఇంత బువ్వ పెట్టించు సామీ. తిని ఇంటికి పోవాల. రాసేది ఉంది."