మూడు లంకల మనమ్మ

గోదారి మధ్యలో పక్కపక్కనే మూడు లంకలున్నాయి. నడిలంకలో, దోసపాదుల మధ్య, రెల్లుకప్పు కింద మనమ్మ తల్లి గుడి ఉంది. మీరు ఏ గట్టు నుంచి వచ్చినా పడవతను ముందు చెప్పే మాట ఒకటే: "దిగాక 'మా' అనకండేం. 'మన' అనాలి." మర్చిపోయి అన్నవాళ్ళు గోదాట్లో ఒక బిందె ముంచి అమ్మవారి పాదులకి పోసి రావాలి. 'మా ఆవిడ' అనబోయి, 'మన ఆవిడ' అనలేక, నోరు తెరిచి నిలబడిపోయే మగవాళ్ళని ఇక్కడ రోజూ చూడొచ్చు. పాపం, చివరికి వెళ్ళి బిందె అందుకుంటారు.

పూర్వం ఇక్కడ నీళ్ళే తప్ప నేల లేదు. ఒక పెద్ద వరద తీశాక ఈ లంకలు తేలాయి. అప్పట్లో తూర్పు గట్టు ఒక రాజుది, పడమటి గట్టు ఇంకో రాజుది. "మా గట్టు కోసుకుపోయిన మట్టే అది, కాబట్టి మాది" అన్నాడు తూర్పు రాజు. "ఎండాకాలం మా గొడ్లు నడిచెళ్ళి మేసొస్తాయి, మాది" అన్నాడు పడమటి రాజు. పొద్దున్న ఒకరి జెండా ఉంటే సాయంత్రానికి ఇంకొకరిది.

నడిలంకలో ఆదెమ్మ అనే ఆవిడ దోసపాదులు పెట్టుకుని బతికేది. అక్కడ మొదట కాపురం పెట్టింది ఆవిడే. కూతురు నూకాల్ని తూర్పు గట్టున ఇచ్చింది. కొడుకు పడమటి గట్టుకి ఇల్లరికం వెళ్ళాడు. నూకాలికి నెలలు నిండాయి, తొలి కాన్పు, పుట్టింటికి రావాలి. సరిగ్గా అప్పుడే సేనాపతులిద్దరూ వచ్చారు. "మొదట వచ్చినదానివి కదా, రేపు అందరి ముందూ నువ్వే చెప్పు, ఈ లంకలు ఎవరివో. అదే ఖాయం. ఇక అవతలి గట్టు వాళ్ళు ఇక్కడ కాలు పెట్టకూడదు" అన్నారు.

తూర్పు అంటే కొడుకు రాడు. పడమర అంటే కూతురు రాదు. ఆదెమ్మ అన్నం కూడా తినకుండా పాదుల పక్కనే పడుకుంది.

కలలో పసుపు చీర కట్టుకున్న ఒకావిడ పాదుల్లో కూర్చుని దోసకాయ కొరుకుతూ కనిపించింది. "ఏంటే, ఇంత చేదు పండించావు" అంది. "నా బాధలో నేనుంటే నీకు దోసకాయ గొడవేంటమ్మా" అంది ఆదెమ్మ. ఆవిడ నవ్వింది. "నువ్వేం చెప్పకు. ఈ పాదు కిందే ఉన్నాను. నన్ను పైకి తియ్యమను. జవాబు వాళ్ళ నోటే వస్తుంది" అని మాయమైంది.

పొద్దున్నే ఆదెమ్మ కల సంగతి చెప్పి రెండు గట్ల వాళ్ళ చేతా తవ్విస్తే నల్లరాతి విగ్రహం బయటపడింది. "మా అమ్మవారు" అంటూ తూర్పు వాళ్ళు పట్టారు. కదల్లేదు. "తప్పుకోండి, మా తల్లి" అంటూ పడమటి వాళ్ళు పట్టారు. ఇంకాస్త లోతుకి దిగింది.

"చెరో పక్కా పట్టండి బాబూ, ఎండెక్కిపోతోంది" అంది ఆదెమ్మ.

సేనాపతులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పట్టారు. విగ్రహం సగం లేచి ఒరిగింది. తూర్పు సేనాపతి గాభరాపడి, "ఓయ్, చూసుకో, మన కాళ్ళ మీద పడుద్ది" అన్నాడు.

ఆ మాటకి విగ్రహం పూలబుట్టలా తేలిగ్గా పైకొచ్చేసింది.

"మన అన్నావా?" అన్నాడు పడమటి సేనాపతి.

"కాళ్ళ గురించి అన్నాను."

"ఆ కాళ్ళు ఎక్కడున్నాయి బాబూ, ఈ నేల మీదే కదా" అంది ఆదెమ్మ.

రాజులు చాలాకాలం అలిగారంటారు. కానీ సేనాపతులు ఆరోజే జెండాలు పీకి, రెండు గుడ్డలూ ముడేసి అమ్మవారికి చీరగా కట్టారు. సాయంత్రానికి తూర్పు నుంచి నూకాలు పడవ దిగింది. పుట్టబోయే మేనల్లుడికి ఉయ్యాల కట్టడానికి పడమటి నుంచి అన్న వచ్చాడు. గుడ్డ చాలకపోతే అమ్మవారి చీరే అడిగి తీసుకున్నాడు.

ఇప్పటికీ జాతరకి రెండు గట్ల వాళ్ళూ చెరో చీర తెచ్చి, కొంగులు ముడేసి అమ్మవారికి కడతారు. ఏ చీర పైకి కనపడాలని ఏటా గొడవే. అదీ మన గొడవే కాబట్టి తల్లి ఏమీ అనుకోదు. జాతరయ్యాక ఆ చీరని తొలిచూలు ఆడవాళ్ళకి ఉయ్యాల గుడ్డగా ఇస్తారు. కాన్పు సుఖంగా జరుగుతుందని, ఆ ఉయ్యాల్లో పెరిగిన బిడ్డకి రెండు వైపుల చుట్టాలూ దూరం కారని నమ్మకం.

తిరిగి గట్టు చేరాక 'మా' అనుకోవడం మీ ఇష్టం. కానీ పడవతను తాడు కడుతూ, "మళ్ళీ మన లంకకి ఎప్పుడొస్తారు?" అని అడుగుతాడు. ఆ మాటలో మీరూ ఉన్నారు.