మొదటి రొట్టెలో సగం

రొట్టె కాలుతున్న వాసన వస్తే చాలు, కాసింపీరాకు కడుపు మండిపోయేది. ఆకలి మంటైతే నాలుగు ముద్దలు తింటే చల్లారుతుంది. ఇది ఏం తిన్నా చల్లారే రకం కాదు.

పెన్న ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో అమీనుల్లా హజరత్ అనే సూఫీ గురువు ఉండేవారు. గురువారం సాయంత్రం శిష్యులందరూ ఆయన ఇంట్లో చేరేవాళ్ళు. సూర్యాస్తమయం నమాజు, ఆ వెంటనే భోజనం. ఆ భోజనానికి ఎప్పుడూ ఒకటే వంటకం: కీమా, పన్నీరు కూరిన రొట్టె. హజరత్ వాళ్ళ నాయనమ్మ కాలం నుంచీ ఆ ఇంట్లో అదే ఆనవాయితీ.

వినడానికి సులువుగానే ఉంటుంది. పాలు విరిచి గుడ్డలో కట్టి రాయి కింద పెడితే పన్నీరు తయారు. కీమాను తడి ఆరేదాకా వేయించి, బాగా చల్లారాక పన్నీరు చిదిమి కలపాలి. వేడి మీద కలిపితే పిండి జావకారిపోతుంది. కలిపినదాన్ని గోధుమపిండి బిళ్ళలో పెట్టి, అంచులు కుచ్చిళ్ళలా పైకి తెచ్చి ముడి వేయాలి. ముడి కిందికి తిప్పి, అరచేత్తో మెల్లగా ఒత్తాలి. అసలు పనంతా ఆ ముడిలోనే ఉంది. అది జారిందా, లోపలిదంతా పెనం మీదికి వచ్చి మాడి కూర్చుంటుంది.

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. మొదటి రొట్టెను నమాజుకు ముందే ఒత్తి తడిగుడ్డ కింద ఉంచేవాళ్ళు. నమాజు అయ్యాక అది కాలి హజరత్ చేతికి వచ్చేది. ఆయన దాన్ని రెండుగా తుంచి, సగం తాను తీసుకుని, సగం చేసినవాడికి ఇచ్చేవారు. ఇద్దరూ తిన్నాక, "ఉప్పు సరిపోయిందా, బేటా?" అని అడిగేవారు. చేసినవాడు "సరిపోయింది, హజరత్" అన్నాకే మిగతావాళ్ళు చెయ్యి కదిపేవాళ్ళు.

ఏళ్ళ తరబడి ఆ రొట్టెలు చేసింది శిష్యుల్లో ఒకడైన కాసింపీరా. ఆ సగం రొట్టె అతనిది. "సరిపోయింది" అనే మాట చెప్పిందీ అతనే. వారమంతా ఎన్ని మాటలు పడ్డా, గురువారం హజరత్ చేతి మీదుగా ఆ వేడి ముక్క అరచేతిలో పడితే అతనికి లోకంలో ఇంకేమీ అక్కర్లేకపోయేది.

ఒక గురువారం అతనికి జ్వరం వచ్చింది. ఆ రోజు జిలాని రొట్టెలు చేశాడు. జిలాని నిన్నగాక మొన్న వచ్చినవాడు. సగం వయసు లారీలు తోలడంలోనే గడిచిపోతే, మిగతా సగం ఏం చెయ్యాలో తెలియక హజరత్ గడప తొక్కినవాడు. మరుసటి వారం కాసింపీరా జ్వరం తగ్గి చేతులు కడుక్కుని వంటింట్లోకి పోబోతుంటే హజరత్ ఆపారు.

"జిలానినే చెయ్యనీ బేటా. నువ్వు నా పక్కన కూర్చో."

గురువు పక్కన చోటు! మిగతా శిష్యులైతే ఆ మాటకే పొంగిపోయేవాళ్ళు. కాసింపీరా మాత్రం ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. భోజనానికి ముందు హజరత్ చేతుల మీద నీళ్ళు పోసే పని అతనిదైంది. చెంబు పట్టుకున్నా చూపంతా పెనం దగ్గరే ఉండేది.

ఎవరైనా జిలాని రొట్టెను మెచ్చుకుంటే అతని ఒంటికి కారం రాసినట్టుండేది. "పిండి ఇంకొంచెం నానాల్సింది" అనేవాడు. "ఆకలి మీద ఉన్నప్పుడు ఏదైనా బాగానే ఉంటుంది లే" అనేవాడు. అలా అంటూనే మూడో రొట్టె అందుకునేవాడు. అది బాగుండటమే అసలు బాధ.

చివరికి ఉండబట్టలేక ఒకనాడు అడిగేశాడు.

"హజరత్, నా రొట్టెలో ఏం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదు బేటా."

"మరి వాని రొట్టెలో ఏముంది?"

"కీమా. పన్నీరు," అన్నారు హజరత్.

నీలో ఫలానా లోపం ఉందని చెప్పి ఉంటే కాసింపీరా దిద్దుకునేవాడు. ఏమీ లేదనేసరికి ఎటూ తోచలేదు. ఇక తప్పంతా జిలానిది అయిపోయింది. వాడు రాకపోతే ఏ గొడవా లేదు కదా!

ఆ తర్వాతి గురువారం కాసింపీరా అందరికంటే ముందే నమాజు కోసం ఉజూ చేసుకున్నాడు. చేతులు, ముఖం, కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, వరండాలో కూర్చుని జపమాల తిప్పుతున్నాడు. వంటింట్లో జిలాని మొదటి రొట్టె ఒత్తి, పీట మీద పెట్టి, తడిగుడ్డ కప్పాడు. తర్వాత ఉజూ కోసం పెరట్లో నీళ్ళతొట్టి దగ్గరికి పోయాడు.

వంటింట్లో ఎవరూ లేరు. కాసింపీరా లేచాడు.

గుడ్డ తీశాడు. రొట్టెను జాగ్రత్తగా తిరగేశాడు. ముడి చక్కగా ఉంది, కుచ్చిళ్ళు ఒకదాని మీద ఒకటి ఒద్దికగా సర్దుకుని ఉన్నాయి. అంత పొందికగా తనకు ఏనాడూ కుదరలేదు. అది చూడగానే అతని కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. ఉజూ చేసుకున్న చేతి బొటనవేలి గోరుతోనే ఆ ముడిని విప్పాడు. కనపడీ కనపడకుండా అంచులు దగ్గరికి నొక్కి, మళ్ళీ తిరగేసి, గుడ్డ కప్పాడు.

నమాజులో జిలాని వచ్చి అతని పక్కనే నిలబడ్డాడు, భుజానికి భుజం తగిలేలా. ఆ పూట నమాజులో ఏం చదివాడో కాసింపీరాకే తెలియదు.

అందరూ వచ్చి, భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చున్నారు. జిలాని పెనం మీద నెయ్యి వేసి రొట్టె పరిచాడు. కాసేపు బాగానే ఉంది. తిప్పబోయేసరికి రొట్టె కడుపు పగిలింది. పన్నీరు, కీమా పెనం మీదికి కారి చుయ్యిమన్నాయి. అట్లకాడతో తీసేలోపే ఒక పక్కంతా నల్లగా మాడిపోయింది. ఇల్లంతా పొగ.

"యా అల్లా! ముడి గట్టిగానే వేసినానే..." అంటూ జిలాని అట్లకాడ పట్టుకుని బిక్కమొహం వేశాడు. "ఎట్ల విడిపోయిందో తెలియడంలే, హజరత్."

కాసింపీరాకు ప్రాణం హాయిగా ఉంది. నిజం చెప్పాలంటే ఈ మధ్య అంత హాయి అతనికి ఎప్పుడూ దొరకలేదు.

"మాడింది హజరత్‌కు పెడతావేమిరా?" అన్నాడు అందరికీ వినపడేలా. "అది పారేసి ఇంకోటి వెయ్యి. చేతగాకుంటే చెప్పు, నేనొచ్చి చేస్తా."

"మొదటిది మొదటిదే," అన్నారు హజరత్. "తెచ్చి ఇక్కడ పెట్టు."

కాసింపీరా చెంబు తెచ్చి ఎప్పటిలాగే ఆయన చేతుల మీద నీళ్ళు పోశాడు. ఆయన కడుక్కుంటూ, చెంబు పట్టుకున్న అతని వేళ్ళ వైపు చూశారు. తర్వాత చెంబు తన చేతిలోకి తీసుకున్నారు.

"నీ చెయ్యి పట్టు."

"నాకెందుకు, హజరత్..."

"పట్టు బేటా."

గురువు శిష్యుడి చేతుల మీద నీళ్ళు పోశారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత వాత్సల్యమో అనుకున్నారు. హజరత్ అతని కుడిచేతి బొటనవేలు పట్టుకుని, పసిపిల్లవాడి చెయ్యి కడిగినట్టు మెల్లగా రుద్దారు. గోటి సందులోంచి ఎండిన పిండి ముక్క ఒకటి నాని ఊడి, నీళ్ళతో పాటు కింద ఉన్న పళ్ళెంలో పడింది.

కాసింపీరా ఆ ముక్కనే చూస్తూ ఉండిపోయాడు. అతను పిండి ముట్టి నెలలు గడిచాయని అక్కడ అందరికీ తెలుసు. హజరత్ తువ్వాలు అందించారు.

తర్వాత రొట్టె తీసుకుని రెండుగా తుంచారు. జిలాని తల వంచుకుని, అలవాటు కొద్దీ రెండు చేతులూ చాపాడు. సగం రొట్టె పట్టుకున్న హజరత్ చెయ్యి ఆ చేతులను దాటి వచ్చి, కాసింపీరా ముందు ఆగింది.

"తీసుకో. సగం చేసినవాడిది."

ఇన్నాళ్ళూ కలలో కూడా కోరుకున్న ముక్క! కాసింపీరా చేతులు లేవలేదు.

"మాడ్చింది నేను కదా, హజరత్," అన్నాడు జిలాని గాభరాగా. "ఆ చేదు అన్నకెందుకు? నాకియ్యండి, నేను తింటా."

హజరత్ చెయ్యి వెనక్కి పోలేదు. కాసింపీరా ఆ సగం తీసుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలే కొద్దీ బొగ్గు రుచి నాలుకంతా పరుచుకుంది. ఎదురుగా హజరత్ కూడా తన సగాన్ని, మాడిన అంచు సహా, తీరిగ్గా నమిలి తింటున్నారు. ఏ పాపమూ ఎరగని ఆ మనిషి అలా తింటుంటే చూడటం, తను తినడం కంటే కష్టంగా ఉంది.

హజరత్ చేతిలో ఇక ఒక్క ముక్క మిగిలింది. ఆయన ఎప్పటిలాగే అడిగారు.

"ఉప్పు సరిపోయిందా, బేటా?"

అందరూ చేతులు కడుక్కుని, ఆ జవాబు కోసమే చూస్తున్నారు. ఒక్క మాట అంటే చాలు, భోజనం మొదలవుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసిన ఒక్కరూ ఎప్పటికీ చెప్పరు.

కాసింపీరా జిలాని వైపు చూశాడు. అతను మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయి మాడిన పెనాన్ని గీకుతున్నాడు.

"ఉప్పు జిలాని వేసింది, హజరత్. అది సరిగ్గానే ఉంది," అన్నాడు. "ముడి విప్పింది నేను."

పెనం గీకుతున్న చప్పుడు ఆగిపోయింది.

హజరత్ ఆఖరి ముక్క నోట్లో వేసుకున్నారు.

"ఇప్పుడు సరిపోయింది," అన్నారు.